దుర్గాబాయి అడిగిన కుటుంబ న్యాయస్థానం ఇదేనా?

తూర్పుగాలి
మా అక్క భరణం కేసు నాలుగో ఏట పడింది. వాయిదా తేదీలన్నీ ఒక పాత డైరీలో రాసుకుంటుంది. నిన్న కూర్చుని లెక్కపెట్టాను, 41. అందులో ఆమె న్యాయమూర్తి ఎదుట నోరు తెరిచి మాట్లాడినవి రెండే. మిగతావన్నీ ఒకే తీరు. పేరు పిలుస్తారు, ‘ప్రతివాది రాలేదు’ అంటారు, లేదా ‘కౌంటరు (ప్రతివాది రాసివ్వాల్సిన జవాబు) వేయలేదు’ అంటారు, లేదా ‘సారు సెలవు’ అంటారు, ఇంకో తేదీ రాసి పంపిస్తారు. కుట్టుపని ఆపుకుని, పిల్లను పక్కింట్లో దింపి, రెండు బస్సులు మారి వెళ్లేది ఆ తేదీ రాసుకోవడానికే.

మొన్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చదువుతుంటే, ఈ దేశంలో కుటుంబ వివాదాలకు వేరే న్యాయస్థానాలు ఉండాలని మొదట్లోనే గట్టిగా అడిగిన మనిషి ఆమేనని తెలిసింది. మన రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, తరువాత లా చదివి, రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి. నాకు ఒకటే సందేహం. ఆమె అడిగినది ఇదేనా? లేక ఆమె ఒకటి అడిగితే మనకు ఇంకొకటి ఇచ్చారా? తెలిసినవారు చెప్పండి.

సున్నుండ
బోర్డు మార్చారు, బల్లలు మార్చలేదు. జవాబు అంతే. మిగతావాళ్లు కొనసాగించండి.

పాతకాగితం
కొంచెం వెనక్కి వెళ్లాలి. 1953లో ఆమె చైనా వెళ్లారు. అక్కడ కుటుంబ న్యాయస్థానాలు పనిచేసే తీరు చూశారు. తిరిగి వచ్చాక బొంబాయి హైకోర్టులో ఉన్న ఎం.సి. చాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతో మాట్లాడారు, ప్రధాని నెహ్రూతోనూ మాట్లాడారు. అప్పటికి ఆమె పార్లమెంటులో లేరు, ప్రణాళికా సంఘంలో ఉన్నారు. ఆ తరువాత చాలాకాలం చప్పుడు లేదు. 1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో, కుటుంబ వివాదాలను మామూలు దావాల్లా నడపకూడదని చెప్పింది. 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టంలో, అందుకోసం ‘ఆర్డరు 32ఎ’ అనే అధ్యాయాన్ని చేర్చారు. దాన్ని పట్టించుకున్న కోర్టులు తక్కువ. చివరికి కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. ఆమె 1981 మే 9న చనిపోయారు. అంటే అడిగినదానికీ వచ్చినదానికీ మధ్య 31 ఏళ్లు, వచ్చిన రోజుకు అడిగిన మనిషి లేరు.

సున్నుండ
31 ఏళ్లు! మరి తూర్పుగాలి వాళ్ల అక్క నాలుగేళ్లకే విసుక్కుంటే ఎలా?

తూర్పుగాలి
నవ్వాను. కానీ ఈ మాట అక్కకు చూపించను.

నల్లకోటు
వకీలునే, అందుకే ముందే చెబుతున్నాను, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. చట్టంలో రాసినదానికీ ఆమె అడిగినదానికీ పెద్ద తేడా లేదు. 9వ సెక్షన్ ప్రకారం వాదనలు వినేకంటే ముందు రాజీకి ప్రయత్నించడం న్యాయస్థానం బాధ్యత. 10వ సెక్షన్ ప్రకారం ఆ రాజీ కోసం గానీ, ఒకరు చెప్పి ఇంకొకరు కాదన్న విషయంలో నిజం తేల్చడానికి గానీ న్యాయమూర్తి తన పద్ధతిని తానే ఏర్పరచుకోవచ్చు. 14వ సెక్షన్ చూస్తే సాక్ష్యాల చట్టం బిగింపు ఇక్కడ ఉండదు, వివాదం తేల్చడానికి పనికొస్తుందని తోచిన ఏ కాగితాన్నయినా తీసుకోవచ్చు. 15 ప్రకారం సాక్షి చెప్పిన ప్రతి మాటా టైపు చేయించనక్కరలేదు, సారాంశం రాసుకుంటే చాలు. కౌన్సెలర్లు ఉండాలి, సాంఘిక సంక్షేమ సంస్థల సాయం తీసుకోవాలి, న్యాయమూర్తుల నియామకంలో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. దుర్గాబాయి చదివి ఉంటే సంతోషించేవారనే అనుకుంటున్నాను.

మూడోకుర్చీ
నల్లకోటు గారు 13వ సెక్షన్‌ను భలే దాటేశారు. కక్షిదారుకు వకీలును పెట్టుకునే హక్కు దానంతట అది ఉండదని అందులో ఉంది. న్యాయమూర్తి అవసరమనుకుంటే తనకు సాయంగా ఒక న్యాయనిపుణుణ్ణి పిలుచుకోవచ్చు, అంతే. మరి కుటుంబ న్యాయస్థానం వరండాలో నల్లకోట్లు తప్ప ఇంకేమైనా కనబడుతుందా?

నల్లకోటు
దాటేయలేదు, ఎవరైనా అడుగుతారని ఆగాను. అనుమతి కోరుతూ ఒక దరఖాస్తు పెడతాం, ఇస్తారు. ఎందుకు ఇస్తారంటే, ఎదురుగా ఉన్న ఆయన ఉద్యోగి, ఆమె మూడో తరగతి చదివింది. ఇద్దరినీ వకీళ్లు లేకుండా నిలబెడితే గెలిచేది ఎవరో మీరే చెప్పండి. వకీలు ఉండకూడదన్న నియమం వినడానికి బాగుంటుంది. నోరున్నవాడికి మాత్రమే బాగుంటుంది.

మూడోకుర్చీ
బాగుంది. మరి ఆ మూడో తరగతి ఆవిడ వకీలు వరుసగా మూడు వాయిదాలకు రాకపోతే?

నల్లకోటు
అప్పుడు మార్చాలి. ఉన్నమాటే, మాలో అలాంటివాళ్లు ఉన్నారు.

పాత_బెంచిక్లర్కు
పదవీ విరమణ చేసి ఆరేళ్లయింది, కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నేను పనిచేసింది మామూలు సివిల్ కోర్టులోనూ, చివరి నాలుగేళ్లు కుటుంబ న్యాయస్థానంలోనూ.

ఉదయం జాబితాలో 70, 80 కేసులు ఉంటాయి. పదిన్నరకు పిలుపు మొదలు. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తాడు, వరండాలో రొద వల్ల సగం మందికి వినబడదు. పిలుపు అయ్యేసరికి పన్నెండు. అందులో 50 కేసులకు అప్పటికే తేదీ పడిపోతుంది. నోటీసు అందలేదు, కౌంటరు లేదు, కౌన్సెలర్ నివేదిక రాలేదు. మిగిలిన ఇరవైలో నిజంగా సాక్ష్యం నడిచేవి మూడు. న్యాయమూర్తి మంచివారే, చెడ్డవారు అనను. కానీ ఆ కుర్చీ ఏడాదిలో నాలుగైదు నెలలు ఖాళీగా ఉంటుంది. పక్క కోర్టు జడ్జిగారు ఇన్‌ఛార్జిగా వస్తారు, వారానికి రెండు పూటలు. ఇన్‌ఛార్జి జడ్జిగారు తీర్పులు రాయరు, తేదీలు వేస్తారు. ఆ తేదీలు వేసిన పుస్తకం నేనే మోశాను.

ఇక కౌన్సెలింగ్ గది. మా దగ్గర అది పాత రికార్డు గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, పైన కట్టలు కట్టిన ఫైళ్లు. మొగుడూ పెళ్లాలను ఆ ఫైళ్ల కింద కూర్చోబెట్టి ‘మనసు విప్పి మాట్లాడుకోండి’ అనేవారు. కౌన్సెలరమ్మ ఓపికమంతురాలు, కానీ జంటకు పది నిమిషాలు. పది నిమిషాల్లో పెళ్లిచూపులే కావు.

సున్నుండ
చివరి వాక్యం రాసి గోడకు అంటించుకుంటున్నాను.

తూర్పుగాలి
బెంచిక్లర్కు గారూ, మా అక్క డైరీలో ‘ఇన్‌ఛార్జి’ అని 11 చోట్ల ఉంది. ఆ మాటకు అర్థం ఇన్నాళ్లకు తెలిసింది.

ఆదివారం_నాన్న
ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. నేను ప్రతివాదిని. నా బిడ్డను నెలకు రెండు శనివారాలు, న్యాయస్థానం ఆవరణలో, గంటసేపు చూసుకోవచ్చని ఉత్తర్వు. బొమ్మ ఒక్కటి కూడా లేని గది. వాడికి అయిదేళ్లు. మొదటి అరగంట నా ముఖం చూడడు, రెండో అరగంటలో దగ్గరకు వస్తాడు, అప్పుడు సమయం అయిపోతుంది. వాళ్ల అమ్మకు ఒంట్లో బాగాలేదని కాగితం వస్తే ఆ నెల అదీ ఉండదు. కుటుంబ చట్టాల సంస్కరణ అనగానే స్త్రీల కష్టాలే వింటాం. తండ్రి గురించి ఏ శాసనకర్త అడిగారు?

సుభద్రత్త
ఆదివారం నాన్నా, నీ బాధ నిజం. కానీ తూర్పుగాలి అక్క ఎదురుచూసేది ఇంటి ఖర్చు కోసం. నువ్వు ఎదురుచూసేది బిడ్డ కోసం. రెండూ ఎదురుచూపులే, ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని తక్కువ చేయకు.

ఆదివారం_నాన్న
తక్కువ చేయలేదు అత్తా. ఒప్పుకుంటున్నాను. భరణం నేను నెలనెలా కడుతున్నాను, ఆ సంగతి కూడా రాసి ఉండాల్సింది.

పాతకాగితం
ఒక మాట. ఆ చట్టం భర్త ఒక్కడి కోసమో భార్య ఒక్కతె కోసమో పుట్టినది కాదు. 7వ సెక్షన్‌లో పిల్లల సంరక్షణ, వారిని చూసే అవకాశం కూడా ఉన్నాయి. బొమ్మలు లేకపోవడం చట్టం తప్పు కాదు, బడ్జెట్ తప్పు.

పెన్నాతీరం
నాకు ఒక ఇబ్బంది ఉంది ఈ చర్చతో. హిందూ స్త్రీలకు విడాకులు, ఆస్తి, దత్తత హక్కుల కోసం పదవినే వదులుకున్న మనిషి అంబేడ్కర్. హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టినందుకు 1951లో మంత్రిపదవికి రాజీనామా చేశారు. ఆయన పేరు లేకుండా ఇరవై టపాలు నడిచాయి. అగ్రవర్ణ కుటుంబంలో పుట్టిన, ఢిల్లీలో పెద్దలతో మాట్లాడగల ఒకామె పేరు మాత్రం శీర్షికలో ఉంది. సామాజిక న్యాయం గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా గమనించాలి.

తూర్పుగాలి
శీర్షిక పెట్టింది నేనే. నేను అడిగింది కుటుంబ న్యాయస్థానం గురించి కాబట్టి ఆ పేరు. దురుద్దేశం లేదు.

పాతకాగితం
పెన్నాతీరం గారు చెప్పినదాంట్లో అంబేడ్కర్ విషయం అక్షరాలా నిజం. రాజీనామాకు ఆయన చెప్పిన కారణాల్లో ఆ బిల్లు ముఖ్యమైనది, వెనుకబడిన వర్గాల విషయంలో నిర్లక్ష్యం ఇంకొకటి. ఆయన వెళ్లిపోయాక ఆ బిల్లునే ముక్కలు చేసి నాలుగు చట్టాలుగా తెచ్చారు. 1955లో వివాహం, 1956లో వారసత్వం, మైనర్ల సంరక్షణ, దత్తత–మనోవర్తి. కానీ దుర్గాబాయిని ఎదురుగా నిలబెట్టకండి. ఆ బిల్లును సభలో సమర్థించిన స్త్రీలలో ఆమె ఒకరు. పక్కపక్కన నిలబడినవాళ్లను మనం పోటీకి దించుతున్నాం.

పెన్నాతీరం
పోటీ కాదు, లెక్క. ఎవరికి విగ్రహం, ఎవరికి ఫుట్‌నోట్ అన్న లెక్క.

కొబ్బరిమట్ట
ఆమెకు విగ్రహం ఎక్కడ ఉంది, మా ఊళ్లో సగం మందికి ఆమె పేరు ఒక కళాశాల పేరుగానే తెలుసు. అన్నట్టు ఢిల్లీ పెద్దలతో మాట్లాడగల మనిషి అన్నారు కదా. ఆమెకు ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ వచ్చాక ఆ కాపురం వద్దని చెప్పి బయటకు వచ్చింది. తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. ఆ కాలంలో అలా చెప్పగలగడం ఏ ఢిల్లీ నేర్పింది కాదు. మదురై జైల్లో ఏకాంత శిక్ష అనుభవించి, బయటకు వచ్చాక మెట్రిక్యులేషన్ నుంచి మొదలుపెట్టి చదువుకుని, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుంది. ఆంధ్ర మహిళా సభ పెట్టింది అంతకు ముందే, 1937లో. చదువు మానేసిన ఆడవాళ్లను మెట్రిక్యులేషన్‌కు కూర్చోబెట్టడానికి.

సున్నుండ
కాకినాడ సంగతి ఎవరూ చెప్పలేదు. 1923 కాంగ్రెస్ మహాసభలప్పుడు ప్రదర్శన గుమ్మం దగ్గర స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. అప్పటికి 14 ఏళ్లు. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనుక్కొచ్చాకే లోపలికి వదిలింది.

మూడోకుర్చీ
అలాంటి మనిషి ఇవాళ కుటుంబ న్యాయస్థానం గుమ్మంలో ఉండాలి. ‘కౌంటరు ఉందా? లేదా? అయితే లోపలికి రాకండి, మీ వాదన లేకుండానే తీర్పు.’

నల్లకోటు
హాస్యమే అయినా చట్టంలో దానికి దగ్గరగా ఉన్నది ఒకటి ఉంది. తూర్పుగాలి గారూ, మీ అక్క కేసులో ఆస్తులు, అప్పులు, ఆదాయం చూపే అఫిడవిట్ రెండువైపులా దాఖలైందా? 2020 నవంబరు 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ ఆ అఫిడవిట్ వేయాల్సిందేనని చెప్పింది. ప్రతివాది నాలుగు వారాల్లో వేయాలి. అందుకోసం రెండుసార్లకు మించి గడువు ఇవ్వకూడదు. కావాలని సాగదీస్తుంటే అతని వాదనను కొట్టివేసి ముందుకు వెళ్లే అధికారం న్యాయస్థానానికి ఉంది. భరణం కూడా తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్క.

తూర్పుగాలి
అఫిడవిట్ మా వైపు నుంచి వేశామని గుర్తు. అటువైపు వేసినట్లు లేదు. మధ్యంతర భరణం (తీర్పు వచ్చేదాకా ఇచ్చేది) దరఖాస్తు కూడా పెండింగులోనే ఉంది.

నల్లకోటు
నాలుగేళ్లుగానా? నోటీసు అందిన రోజు నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. 2001లో చేర్చిన నియమం అది. హిందూ వివాహ చట్టం 21బిలో అయితే మొత్తం విచారణనే ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని ఉంది.

మూడోకుర్చీ
‘వీలైనంతవరకు’, ‘ప్రయత్నించాలి’. ఈ రెండు మాటల సందులోంచే మన ఏళ్లన్నీ కారిపోతున్నాయి. చట్టం రాసేవాళ్లకు సందులు వదలడం ఇంత ఇష్టం ఎందుకో.

పాత_బెంచిక్లర్కు
సందు వదలకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. 60 రోజులు దాటితే కేసు కొట్టేస్తారని రాశారనుకోండి, ఎవరు నష్టపోతారు? ఆవిడే. దరఖాస్తు దానంతట అది మంజూరైనట్లే అని రాస్తే అటువైపు హైకోర్టుకు వెళ్లి స్టే తెస్తారు. గడువు రాయడం తేలిక. కుర్చీలో మనిషిని కూర్చోబెట్టడం కష్టం. శాసనకర్త చేయాల్సినది రెండోది.

కొబ్బరిమట్ట
చట్టం ప్రకారం పది లక్షలు దాటిన ప్రతి నగరంలో కుటుంబ న్యాయస్థానం తప్పనిసరి. మిగతా చోట్ల ప్రభుత్వం అవసరమనుకుంటే. మా లాంటి మండలాలవాళ్లకు బస్సే గతి.

సుభద్రత్త
ఆస్తి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. నా పెళ్లి 1981లో. మా నాన్నకు పిత్రార్జితం అయిదెకరాలు. 1986లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇస్తూ చట్టం తెచ్చింది. దేశంలో మనమే ముందు. మా ఇంట్లో పేపరు చదివి వినిపించింది మా ఆయన. సంబరపడ్డాను. కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదని. మా చెల్లెలికి 1987లో పెళ్లి, దానికి వాటా ఉంది. నాకు లేదు. ఒకే తల్లి కడుపు.

2005లో కేంద్ర చట్టం మారింది, పెళ్లి తేదీ అడ్డు తీసేశారు. మా నాన్న 1998లోనే పోయారు. తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అని 2015లో ఒక తీర్పు, కాదని ఇంకో తీర్పు. ఆఖరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేశారు, హక్కు పుట్టుకతో వస్తుంది, తండ్రి బతికి ఉండనక్కరలేదని. అప్పటికి నాకు 60 దాటాయి.

మా అన్నయ్యను అడిగాను. ‘పసుపు కుంకుమల కింద నీకు ఇవ్వలేదా’ అన్నాడు. ఇచ్చింది ఒక ఆవు, రెండు జతల గాజులు. ‘నోటిమాటగా పంచుకున్నాం, అయిపోయింది’ అని కూడా అన్నాడు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రమో డిక్రీయో ఉంటే తప్ప, ఉత్త నోటిమాటను కోర్టులు అంత తేలికగా ఒప్పుకోవని ప్లీడరు చెప్పాడు. దావా వేయలేదు. ఆ ఏడాది సంక్రాంతికి పిలుపు రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు.

తూర్పుగాలి
అత్తా, ఇప్పుడు వేస్తారా?

సుభద్రత్త
వేయను. వేయకపోవడం కూడా నా ఇష్టమే అయి ఉండాలి కదా. ఇదివరకు నా ఇష్టంతో పని లేదు, ఇప్పుడు ఉంది. మా కోడలు మాత్రం నా మాట వినడం లేదు, పత్రాలన్నీ నకళ్లు తీయించి పెట్టింది.

పెన్నాతీరం
సుభద్రత్త రాసినది చదివాక నా పాత టపా కొంచెం చిన్నబుచ్చుకుంది. అయినా ఒకటి కలుపుతాను. ఆ అయిదెకరాలు ఉన్న ఇంట్లో ఆడపిల్ల వాటా గురించి చట్టం మారింది. సెంటు భూమి లేని ఇళ్లలో ఆడపిల్లకు ఏ వాటా? మా అమ్మ విషయంలో కుటుంబ చట్టం అంటే భరణం ఒక్కటే. అది కూడా ఉత్తర్వు వచ్చింది, డబ్బు రాలేదు.

నల్లకోటు
ఉత్తర్వు ఉండి డబ్బు రాకపోతే అమలు దరఖాస్తు వేయాలి. ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు శిక్ష వేయవచ్చు. కానీ బకాయి పడిన ఏడాదిలోపు అడగాలి, చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. ఇంకొకటి, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, 1987 న్యాయసేవల చట్టం కింద. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, 15100కు ఫోను చేసినా చెబుతారు.

పెన్నాతీరం
అమ్మ ఇప్పుడు లేదు. కానీ మా వీధిలో ఇద్దరున్నారు. చెబుతాను.

కాలక్షేపం
ఇంత గొడవ ఎందుకు, అందరికీ ఒకే పౌరస్మృతి పెడితే సరిపోదా? మిగతా మతాలవాళ్లకు ఒక న్యాయం, మనకు ఒకటీనా?

మూడోకుర్చీ
వచ్చింది. ఈ మాట ఎప్పుడు వస్తుందా అని గడియారం చూస్తున్నాను.

పాతకాగితం
కోపం లేకుండా ఒక వాస్తవం. రాజ్యాంగ సభ ఉపసంఘంలో ఉమ్మడి పౌరస్మృతిని కేవలం ఆదేశసూత్రంగా, అంటే కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేని సూచనగా, వదిలేయడాన్ని వ్యతిరేకిస్తూ అసమ్మతి రాసింది రాజకుమారి అమృత్ కౌర్, హంసా మెహతా, మినూ మసానీ. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. వాళ్లు అడిగినది స్త్రీల సమానత కోసం. ఇప్పుడు అడిగేవాళ్లు అదే అడుగుతున్నారో లేదో ఎవరికి వారు చూసుకోవాలి. అందరికీ ఒకే చట్టం వచ్చినా ఇన్‌ఛార్జి జడ్జిగారు వారానికి రెండు పూటలే వస్తారు.

కాలక్షేపం
ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

వేదిక_నిర్వహణ
పౌరస్మృతి మీద వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. తరువాత వచ్చిన 14 టపాలు తొలగించాను. ఒకరు ఇంకొకరి మేనమామను కూడా లాగారు, అది ఏ చట్టంలోనూ లేదు.

కొబ్బరిమట్ట
హిందూ చట్టంలోనే కుళ్లు మిగిలి ఉంటే పక్కవాళ్ల చట్టం ఎందుకు. వారసత్వ చట్టం 15వ సెక్షన్ చూడండి. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా చనిపోతే ఆమె సొంత సంపాదన భర్త తరఫు వారసులకు వెళుతుంది, కన్న తల్లిదండ్రులకు కాదు. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు చదివి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు, అత్తింటివాళ్లు గెంటేశారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టింది. ఆమె పోయాక అదంతా ఎవరికి? గెంటేసినవాళ్ల వైపు బంధువులకే. కష్టంగా ఉందని ధర్మాసనమూ ఒప్పుకుంది, కానీ చట్టం అలా ఉంది. కొడుకు సంపాదన తల్లికి వెళుతుంది, కూతురి సంపాదన వెళ్లదు. 2008లోనే లా కమిషన్ 207వ నివేదికలో రెండువైపులా సమానంగా పంచాలని చెప్పింది. ఏ సభ్యుడు లేచి అడుగుతాడు?

సుభద్రత్త
ఈరోజే వీలునామా రాస్తాను. నవ్వులాట కాదు.

మూడోకుర్చీ
తూర్పుగాలి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. ఆమె అడిగినది వకీళ్ల యుద్ధం కాని ఒక చోటు. మనం కట్టింది వకీళ్ల యుద్ధానికి ఇంకో మైదానం.

నల్లకోటు
నా జవాబు వేరు. ఆమె అడిగినది ఇచ్చారు, నడపడానికి మనుషులను ఇవ్వలేదు. అదీకాక, దుర్గాబాయి 1952 ఎన్నికల్లో ఓడిపోయారని మరిచిపోతున్నాం. ఓడిన తరువాతే ప్రణాళికా సంఘంలో ఉండి ఈ మాట పట్టుకున్నారు. సభలో ఉన్న 500 మందికి ఈ విషయం గుర్తుకు రావడానికి 1984 దాకా పట్టింది.

పాత_బెంచిక్లర్కు
ఇద్దరూ సగం సగం చెప్పారు. నేనైతే ఆ రికార్డు గదిలో ఫైళ్లు తీసేసి రెండు కిటికీలు పెట్టించమంటాను, ఆదివారం నాన్న బిడ్డకు నాలుగు బొమ్మలు పెట్టించమంటాను. చట్టసవరణ అక్కరలేదు దీనికి.

ఆదివారం_నాన్న
ఈసారి నేనే ఒక బస్సు బొమ్మ తీసుకెళ్లి అక్కడే వదిలి వచ్చాను. వేరే పిల్లలకూ పనికొస్తుంది. మొన్న వెళితే ఒక చక్రం లేదు. ఎవరో బాగా ఆడుకున్నారన్నమాట.

తూర్పుగాలి
మూడు వారాల తరువాత రాస్తున్నాను. నల్లకోటు గారు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి అక్కకు ఇచ్చాను. మా వకీలు ముందు ముఖం ముడిచాడు, తరువాత దరఖాస్తు వేశాడు. నిన్న పిలిచారు. కొత్త న్యాయమూర్తి వచ్చారు, ఇన్‌ఛార్జి కాదు. అటువైపు వకీలు గడువు అడిగాడు. న్యాయమూర్తిగారు ఫైలు తిరగేసి, ‘అఫిడవిట్‌కు ఇప్పటికి ఎన్నిసార్లు గడువు ఇచ్చారు?’ అని గుమాస్తాను అడిగారు. అతను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఆమె చేయి చూపి ఆపేశారు. రెండు వారాలు, చివరి అవకాశం అని రాశారు. అక్క డైరీలో 42 అని రాసి, పక్కన మొదటిసారి ‘చివరి’ అన్న మాట రాసుకుంది.

సున్నుండ
టికెట్ అడిగారన్నమాట.

పాత_బెంచిక్లర్కు
రెండు వారాల తరువాత ఏమయిందో రాయడం మరవకండి. ‘చివరి అవకాశం’ అని నా చేత్తో ఒకే ఫైలులో ఆరుసార్లు రాశాను.